అమ్మ నోట్‌బుక్కులో 1189 గళ్ళు

బైబిల్లో సంఖ్యాకాండం ఏడో అధ్యాయం ఒక్క వచనం కూడా దాటేయకుండా చదివినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. నిజం చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేనైతే పన్నెండేళ్ళప్పుడు ఆ అధ్యాయం చదవకుండానే చదివేసినట్టు టిక్కు పెట్టి మా అమ్మకి దొరికిపోయాను. అది జరిగి ముప్ఫై ఏళ్ళు దాటింది గానీ ఆ అధ్యాయం మాత్రం నన్ను వదల్లేదు. ఈ పోస్టు దాని గురించే, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికుంటే చదవండి.

మా అమ్మ నర్సు. డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఇంట్లో ఏదీ ఒక టైముకి జరిగేది కాదు. మిగతా విశ్వాసుల ఇళ్ళల్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన, తెల్లవారుజామున ఏకాంత ప్రార్థన అని ఒక క్రమం ఉండేది. మా ఇంట్లో అమ్మ ఏ టైముకి బైబిల్ తెరుస్తుందో ఆ వారం డ్యూటీ చార్టు చూస్తే తప్ప తెలిసేది కాదు. ఆవిడకి ఉన్న నియమం ఒక్కటే. పడుకోబోయే ముందు మూడు అధ్యాయాలు. పడుకునేది రాత్రి పదకొండింటికైనా సరే, నైట్ డ్యూటీ దిగొచ్చి పొద్దున తొమ్మిదింటికైనా సరే.

లెక్క చాలామందికి తెలిసిందే. బైబిల్లో 1189 అధ్యాయాలు, పాతనిబంధన 929, కొత్తనిబంధన 260. రోజుకి మూడు, వారంలో ఒకరోజు అయిదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఆ అయిదు మా అమ్మ వీక్లీ ఆఫ్ రోజు చదివేది. ఒక లాంగ్ నోట్‌బుక్కులో ఎదురెదురు పేజీల మీద స్కేలుతో గళ్ళు గీసి, పక్కన ఆదికాండము, నిర్గమకాండము అని పేర్లు రాసుకునేది. చదివిన అధ్యాయానికి పెన్సిల్‌తో చిన్న టిక్కు. అయితే అన్ని ఏళ్ళూ పూర్తయ్యేవి కాదు. నాకు గుర్తున్నంతలో ఒక సంవత్సరం, తన జనం కోసం ఏడ్చిన ప్రవక్త యిర్మీయా పుస్తకం మధ్యలోనే డిసెంబర్ వచ్చేసింది. జనవరి ఒకటిన అందరూ మళ్ళీ "ఆదియందు దేవుడు" అని మొదలుపెడుతుంటే మా అమ్మ యిర్మీయా ముప్ఫై నుంచి చదువుతూ కూర్చుంది. కొత్త సంవత్సరం కదమ్మా, ఆదికాండం నుంచి మొదలుపెట్టొచ్చు కదా అంటే, "మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే యిర్మీయా ఏమనుకుంటాడు, అసలే ఏడుస్తున్నాడు" అంది.

ఆవిడ చదివే తీరు ఇప్పటికీ కళ్ళముందు కనబడుతుంది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫామ్ మార్చుకోకుండానే, గోడకి చేరగిలబడి కింద కూర్చునేది. బైబిల్ ఒళ్ళో. కుడిచేతి చూపుడువేలు లైను కింద మెల్లగా జరుగుతుండేది, పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. కాసేపటికి వేలు ఆగిపోయేది. తల ఒక పక్కకి వాలేది. అరనిమిషం తర్వాత ఉలిక్కిపడి లేచి, ఆగిన చోటు నుంచి కాదు, ఆ వచనం మొదటికి వెళ్ళి మళ్ళీ చదివేది. మూడు అధ్యాయాల్లో ఇలా పది పన్నెండు సార్లు జరిగేది. నేను స్కూలుకి తయారవుతూ ఆ వేలు ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కపెట్టేవాణ్ణి. అప్పట్లో నాకది నవ్వులాటగా ఉండేది.

పన్నెండేళ్ళు వచ్చాక నాకూ ఒక నోట్‌బుక్కు ఇచ్చి గళ్ళు గీసుకోమంది. ఆదికాండం కథలు, నిర్గమకాండం సగందాకా కథలు, బాగానే నడిచింది. దేవుణ్ణి ఆరాధించే గుడారం కొలతల దగ్గర కాస్త నీరసం వచ్చింది. లేవీయకాండం పదకొండులో ఏది తినొచ్చు ఏది తినకూడదు అన్నదాని దగ్గర పూర్తిగా చేతులెత్తేశాను. చదవడం ఆపేశాను గానీ టిక్కులు ఆపలేదు. రోజుకి మూడు, ఆదివారం అయిదు, ఎక్కడా తప్పకుండా. టిక్కుల విషయంలో నాకున్న క్రమశిక్షణ చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

ఒకరోజు అమ్మ నా పుస్తకం తీసి చూసింది.

"సంఖ్యాకాండం ఏడు కూడా అయిపోయిందే! చాలా పెద్దది కదరా అది."

"అవునమ్మా."

"పన్నెండు గోత్రాల ప్రధానులూ దేవుడి గుడారానికి ఏమేం తెచ్చారు?"

"గొర్రెలు" అన్నాను. బైబిల్లో ఎవరు ఏం తెచ్చినా అందులో గొర్రెలు ఉండకపోవు అని నా ధైర్యం. నిజంగానే ఉన్నాయి కూడా.

"ఇంకా?"

ఇంకా అంటే ఏం చెప్తాను. అమ్మ ఇంకేం అడగలేదు. లోపలికి వెళ్ళి రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదవనివి చెరిపెయ్. కోపమేం లేదు నాకు. నిజం టిక్కులు మాత్రం ఉంచుకో." లేవీయకాండం పదకొండు నుంచి ఇరవై ఏడు దాకా, సంఖ్యాకాండం ఒకటి నుంచి ఏడు దాకా, మొత్తం 24 గళ్ళు. గట్టిగా రుద్దానేమో, లేవీయకాండం పంతొమ్మిది దగ్గర కాగితం చిరిగింది. ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ ఉక్రోషం వచ్చింది. "అసలీ టిక్కులు ఎందుకు, దేవుడేమైనా వచ్చి చూస్తాడా?" అని అరిచాను.

"ఆయనకెందుకురా టిక్కులు? రేపు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకు గుర్తుండాలి కదా, అందుకు" అంది.

ఇంత మామూలు సమాధానమా అనిపించింది నాకు. ఆ తర్వాత నేను ఎక్కిన పెద్దపెద్ద మాటల మెట్లు తల్చుకుంటే ఈ మామూలు మాటే గుర్తొస్తుంది.

కాలేజీ రోజుల్లో యూత్ రిట్రీట్లకి వెళ్ళడం మొదలైంది. మూడు రోజుల కూడికలు, ఆఖరి రాత్రి లైట్లు తగ్గించి, మెల్లగా కీబోర్డు వాయిస్తూ, "ప్రభువుకి పూర్ణ సమర్పణ చేసుకునేవాళ్ళు లేచి నిలబడండి" అనేవారు. మొదటి ఏడు నిలబడ్డాను, వెక్కివెక్కి ఏడ్చాను. రెండో ఏడూ నిలబడ్డాను. మూడో ఏడు కూడా. పోయిన ఏడు పూర్తిగా ఇచ్చేసినదాన్ని మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తున్నావు అని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేననను. ఆ రాత్రికి అవి నిజమే. కాకపోతే ఇంటికొచ్చిన మూడో వారానికి మంట చల్లారేది, మళ్ళీ రిట్రీట్ ఎప్పుడా అని ఎదురుచూడటం.

అలాంటి ఒక కూడికలోనే ఎరిక్ లిడెల్ గురించి విన్నాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని పరుగెత్తనన్నాడు, తర్వాత 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్నాడు. హాలంతా చప్పట్లు. ప్రసంగం అక్కడితో అయిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత మిగతాది నేనే చదువుకున్నాను. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్ళిపోయాడు. యుద్ధంలో జపాన్ వాళ్ళ నిర్బంధ శిబిరంలో పడ్డాడు, అక్కడి పిల్లలకి పాఠాలు చెప్పాడు, ఆటలాడించాడు, అలాంటి చోట కూడా అందరికంటే ముందు లేచి దీపం పెట్టుకుని వాక్యం చదువుకునేవాడు. 1945 ఫిబ్రవరిలో, 43 ఏళ్ళకి, ఇంకా విడుదల రాకముందే మెదడులో గడ్డతో చనిపోయాడు. ఆ దీపం దగ్గర చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. ప్రసంగీకుణ్ణి తప్పుపట్టడం లేదు లెండి, ఆ వయసులో మాకు ఆ దీపం కథ చెప్పినా ఎక్కేది కాదు.

సరే, ఆ ఊపులోనే నాలుగింటికి అలారం పెట్టడం మొదలుపెట్టాను. ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ నాలుగింటికే లేచేవాడు, ఆ పద్ధతీ పట్టింపూ చూసే ఆక్స్‌ఫర్డ్‌లో తోటివాళ్ళు ఎగతాళిగా "మెథడిస్టులు" అని పేరు పెట్టారు అని చదివి, ఆ ఎగతాళి నాకూ కావాలనిపించింది. నిజం, అలాగే అనిపించింది. ఇంట్లో అమ్మకి కూడా క్లాసు పీకాను. "నువ్వు పగలు తొమ్మిదింటికి, పదింటికి చదువుతావు, అది సరికాదమ్మా. మార్కు 1:35 చూడు. యేసు పెందలకడనే లేచి, ఇంకా చాలా చీకటి ఉండగానే ప్రార్థనకి వెళ్ళాడు."

అమ్మ కాళ్ళు కడుక్కుంటూ వింది. "అంతకుముందు మూడు వచనాలు చదివావా?"

చదవలేదు. తీసి చూశాను. పొద్దుగుంకాక రోగులందరినీ ఆయన దగ్గరికి తీసుకొచ్చారు, పట్టణమంతా ఇంటి వాకిట్లో పోగైంది, ఎంతోమందిని బాగుచేశాడు. "చూశావా, ఆయనదీ ఆ రోజు నైట్ డ్యూటీయే" అని తుండుతో మొహం తుడుచుకుని, వెళ్ళి గోడకి చేరగిలబడింది. పావుగంటలో వేలు ఆగిపోయింది.

(వెస్లీ గురించి అన్ని ప్రసంగాలు విన్నాను గానీ వాళ్ళమ్మ సుసన్నా గురించి విన్నది చాలా తక్కువ. 19 మంది పిల్లల్ని కని, సగానికి దగ్గరగా పోగొట్టుకుని, ఇంట్లో ఏకాంతానికి చోటు లేక ఏప్రాన్ తలమీద కప్పుకుని ప్రార్థించేదట. ఆవిడ గురించి చదివినప్పుడు నాకు వెంటనే యూనిఫామ్‌లో కునికిపాట్లు పడే మా అమ్మ గుర్తొచ్చింది.)

ఇక చెప్పుకోవడానికి సిగ్గుపడే భాగం. నన్ను యూత్ లీడర్‌ని చేశారు. నేనో రిజిస్టర్ పెట్టాను. ప్రతివారం ఒక్కొక్కరూ ఎన్ని రోజులు వాక్యం చదివారు, ఎన్ని రోజులు ప్రార్థించారు, పేరు పిలిచి మార్కులు వేసేవాణ్ణి. ఏడుకి ఏడు వచ్చినవాళ్ళకి చప్పట్లు. ఒకబ్బాయికి మూడు వారాలు వరుసగా సున్నా వచ్చింది. అందరి ముందూ నిలబెట్టి, ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తీసి చల్లగానూ వేడిగానూ లేని నులివెచ్చని వాళ్ళని ప్రభువు నోట్లోంచి ఉమ్మేస్తానన్న మాట అతనిచేతే చదివించాను. చదివాడు. గొంతు వణికింది. ఆ తర్వాత వారం రాలేదు, మరెప్పుడూ రాలేదు. ఎందుకు చదవలేకపోతున్నాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు. లేవీయకాండం పంతొమ్మిది, నా నోట్‌బుక్కులో చిరిగిన ఆ గడి, అందులోనే కదా నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమని ఉన్నది. అది కూడా నేను చదవకుండా టిక్కు పెట్టినదే.

ఉపవాసాల సంగతీ అంతే. వారానికి రెండు రోజులు ఉండేవాణ్ణి, ఉంటున్నానని నాకు తెలిసినవాళ్ళందరికీ తెలిసేలా ఉండేవాణ్ణి. నీరసంగా నడిచేవాణ్ణి, ఎవరైనా తినమంటే "ఈరోజు ఉపవాసం అండీ" అని కళ్ళు దించుకునేవాణ్ణి. లూకా 18లో వారానికి రెండుసార్లు ఉపవాసముంటున్నానని గొప్పలు చెప్పుకున్నది పరిసయ్యుడని నాకు తెలియక కాదు. ఆ కథ మీద నేనే ఒకసారి మెసేజ్ ఇచ్చాను! అమ్మ ప్రతి శుక్రవారం పగలంతా ఉపవాసం ఉంటుందన్న సంగతి మాత్రం, ఆవిడతోపాటు పనిచేసే సిస్టర్ ఒకావిడ మాటల మధ్యలో అంటే, నాకు ఇరవై రెండో ఏట తెలిసింది. ఒకే ఇంట్లో ఉంటూ.

రెండో దినవృత్తాంతములు 25లో అమజ్యా అనే రాజు ఉన్నాడు. యెహోవా దృష్టికి సరిగ్గానే ప్రవర్తించాడు గానీ పూర్ణహృదయంతో కాదు అని ఒక్క ముక్కలో రాసేశారు అతని గురించి. బైబిల్లో నన్ను భయపెట్టే వచనాల్లో నరకం గురించిన వాటికంటే ముందు ఇది వస్తుంది. చేయాల్సినవన్నీ చేశాడు. గళ్ళన్నీ నిండాయి.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఎప్పుడు ఆగిపోయిందో ఫలానా రోజు అని చెప్పలేను. ఒక్కసారిగా విశ్వాసం పోవడం లాంటిదేమీ జరగలేదు. ఆదివారం ఆరాధనకి వెళ్ళేవాణ్ణి, కానుక వేసేవాణ్ణి, "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అంటే అనేవాణ్ణి. బైబిల్ మాత్రం తెరిచేవాణ్ణి కాదు. దాదాపు ఆరేళ్ళు. టైము లేదు అనుకునేవాణ్ణి గానీ అదే ఆరేళ్ళూ పొద్దున్నే అయిదున్నరకి జిమ్‌కి మాత్రం ఒక్కరోజు మానకుండా వెళ్ళాను. అందుకే నాకు క్రమశిక్షణ లేదు అని ఎవరైనా చెప్పుకుంటే నమ్మను. ఉంటుంది, ఎక్కడ పెట్టామన్నదే. పౌలు తిమోతికి "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము" అని రాసినప్పుడు వాడిన గ్రీకు మాటలోంచే ఈ జిమ్ అనే మాట వచ్చిందట. తర్వాతి వచనంలోనే శరీర సాధకం వల్ల లాభం కొంచెమే అంటాడు. ఆ కొంచెం నాకు బాగానే దక్కింది, భుజాలు వచ్చాయి.

ఆ ఆరేళ్ళలో అమ్మ నన్ను ఒక్కసారి కూడా చదువుతున్నావా అని అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, పన్నెండేళ్ళప్పుడే తెలుసు.

రిటైరయ్యాక అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు చదవడం పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆపరేషన్ రోజు రాత్రి నేను దగ్గరున్నాను. ఒక కంటికి షీల్డ్, రెండో కన్ను ఎలాగూ మసకే. పడుకోబోతూ, "ఆ సంచిలో బైబిల్, నోట్‌బుక్కు ఉన్నాయి తియ్యి నాన్నా. ఆయన చదవొద్దన్నాడు గానీ వినొద్దనలేదు కదా" అంది.

ఎక్కడ ఆగిందా అని నోట్‌బుక్కు తీసి చూశాను. నమ్మితే నమ్మండి, ఆఖరి టిక్కు సంఖ్యాకాండం నాలుగు. అంటే ఆ రాత్రికి అయిదు, ఆరు, ఏడు.

అయిదు చదివాను. గొంతుకి అలవాటు తప్పి ఆ పాత గ్రాంథికం నాలిక మీద తడబడింది. ఆరు చివర "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" దగ్గర అమ్మ నాతోపాటు పైకే చెప్పింది. తర్వాత ఏడు. 89 వచనాలు. కీర్తన 119 తర్వాత బైబిల్లో ఇదే పెద్ద అధ్యాయం. మొదటి రోజు యూదా గోత్రం నుంచి నయస్సోను వచ్చాడు. 130 తులాల వెండి గిన్నె, 70 తులాల వెండి ప్రోక్షణపాత్ర, ధూపంతో నిండిన 10 తులాల బంగారు ధూపార్తి, ఒక కోడె, ఒక పొట్టేలు, ఏడాది గొర్రెపిల్ల. రెండో రోజు ఇంకొకడు. అవే. మూడో రోజు, అవే. తూకంలో తులం తేడా లేదు. నాలుగోవాడి దగ్గర ఆగి, "మిగతా ఎనిమిది మందీ ఇవే తెచ్చారమ్మా, పేర్లు చదివేసి ముగించనా?" అన్నాను.

"వాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఒక్కో రోజు వచ్చారు కదరా. చదువు."

కాసేపాగి మళ్ళీ అంది. "మా చార్టుల్లో కూడా డిట్టో పెట్టనివ్వరు. పక్కపక్క బెడ్లలో ఇద్దరికి అదే మందు, అదే టైము అయినా, ఎవరిది వాళ్ళ పేరు మీద పూర్తిగా రాయాల్సిందే."

చదివాను. అయిదోవాడు, ఆరోవాడు, ఏడోవాడు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, కుడిచేతి చూపుడువేలు మాత్రం దుప్పటి మీద, లైను కింద జరిగినట్టు, మెల్లగా జరుగుతోంది. తొమ్మిదో రోజు, పదో రోజు. మొదటి రోజు నయస్సోను వచ్చినప్పుడు చూడటానికి జనం పోగై ఉంటారు అనుకున్నాను. పన్నెండో రోజు నఫ్తాలి వాడు అహీర అదే గిన్నె, అదే పాత్ర పట్టుకొచ్చేసరికి ఎవరు మిగిలుంటారు? అతనిదీ పూర్తిగా రాసి ఉంది, ఒక్క గొర్రెపిల్ల తగ్గకుండా. తర్వాత మొత్తం లెక్క, వెండి 2400 తులాలు, బంగారం 120.

ఇక అయిపోయింది అనుకుని పేజీ తిప్పబోతే ఇంకొక్క వచనం ఉంది. ఎనభై తొమ్మిది. అదంతా అయ్యాక మోషే దేవుడితో మాట్లాడటానికి గుడారంలోకి వెళ్ళాడు, మందసం పెట్టె మూతైన కరుణాపీఠం మీద, రెండు కెరూబుల (రెక్కల దూతల బొమ్మల) మధ్య నుంచి తనతో మాట్లాడే స్వరం విన్నాడు. అంతే, అధ్యాయం అక్కడ ఆగిపోతుంది. ఏం మాట్లాడాడో కూడా లేదు. ఇన్నేళ్ళలో ఆ వచనం అక్కడ ఉందని నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది?

కాసేపు నేనేం మాట్లాడలేదు. దుప్పటి మీద వేలు ఆగి ఉంది. నిద్రపోయిందనుకుని బైబిల్ మూయబోయాను.

"టిక్కు పెట్టావా?"

"మూడూ పెట్టానమ్మా."

"రేపు ఎనిమిది నుంచి. దీపాలు వస్తాయి" అంది, అటువైపు తిరిగి పడుకుంటూ.